చిన్నబాపు పగటినిద్ర

ఈ మధ్య నేనొక మనిషి తలకాయ లోపలి భాగం చూశాను. బతికున్న మనిషిదే, అదీ తెలిసిన మనిషిదే. నా ఈడువాళ్లకు ఈ మాట కొంచెం కంగారు పుట్టించవచ్చు గాని, అంత హడలిపోవాల్సిందేమీ లేదు, నేను చూసింది దవాఖానలో కంప్యూటర్ తెర మీద. పెర్కిట్‌లో మా చిన్నమ్మ ఇంటికి ఎదురుగా ఆటో నడుపుకునే పిల్లవాడొకడు ఉన్నాడు. నందిపేట్ నుంచి ఆర్మూర్‌కు మనుషుల్ని తెస్తుంటాడు, ఒక్క ఆటోలో పెళ్లివారందరినీ బ్యాండుమేళంతో సహా కుక్కి, ఇంకా దారిలో చెయ్యెత్తినవాళ్లకు చోటుందని చెప్పగల సమర్థుడు. ఆ పిల్లవాడు మొన్నొకరోజు పొద్దున ఆటో టాపు మీదికెక్కి మక్కల మూట కడుతూ కాలు జారి, కింద కంచెకు పాతిన కడీ రాతికి కణత కొట్టుకున్నాడు. కొట్టుకున్న చప్పుడు మాత్రం గుట్ట మీది నుంచి బండ దొర్లినట్టు వినిపించింది. అయినా లేచాడు, ప్యాంటు దులుపుకున్నాడు, ఏం కాలేదని చెప్పి ఫోను పగిలిందేమో చూసుకున్నాడు.

నేనప్పుడు చిన్నమ్మ అరుగు మీద చాయ్ తాగుతున్నాను. నేనింకా గ్లాసు కింద పెట్టకముందే చిన్నమ్మ పసుపు డబ్బా పట్టుకుని వీధి దాటింది. మా ఆర్మూర్ చుట్టుపక్కల మనిషికి నెత్తురు కనబడితే కాళ్లు దవాఖాన వైపు పోవు, పసుపు డబ్బా వైపు పోతాయి. పుండుకు పసుపు, గడపకు పసుపు, పెళ్లికూతురికి పసుపు, ఈనిన బర్రెకు పసుపు, కొత్త ట్రాక్టరు టైరుకు పసుపు, ఆఖరికి కాలిపోయిన బోరుమోటారుకు కూడా ఒక చిటికెడు పెట్టి, కాసేపు ఆగి, మళ్లీ మీట నొక్కి చూసినవాళ్లు నాకు స్వయంగా తెలుసు. అందులోనూ మా చిన్నమ్మ పసుపు సామాన్యమైనది కాదు. గోళను, అంటే గుండ్రటి దుంపను మాత్రమే ఏరి, ఎండబెట్టి, ఇంట్లోనే దంచి, సన్నటి బట్టలో జల్లించి పెట్టుకునే పసుపు అది. దాన్ని కోసుకున్న వేలికి పెడితే మిగతా వేళ్లు ఈర్ష్యపడేవి.

కానీ ఈసారి ఆమె పిడికిలి పిల్లవాడి తల దాకా పోలేదు. వాడి తల్లి స్కాన్ తీయించాలని ఏడుపు మొదలుపెట్టింది, ఎవరో ఫోన్ చేశారు, అంబులెన్స్ వచ్చేసింది, అందులోంచి దిగిన కుర్రాడు చాలా మర్యాదగానే, "అమ్మా, అది పెట్టకు, మల్ల మేమే కడగాల్సొస్తది" అన్నాడు. చిన్నమ్మ పిడికిలి మూసుకుని పక్కకు జరిగింది. ఇతరుల విషయాల్లో తలదూర్చడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి, నేను తల్లితో పాటు అంబులెన్స్ ఎక్కి నిజామాబాద్ పోయాను.

అక్కడి డాక్టరు చిన్నవాడు, ఓపికస్తుడు, పైగా నాబోటివాడు ఎదురుపడితే ఎలా తప్పించుకోవాలో ఇంకా నేర్చుకోనివాడు. తెర మీద ఆ పిల్లవాడి తలను నిమ్మకాయను కోసినట్టు బిళ్లలు బిళ్లలుగా చూపించాడు. ఇంతకాలం తలకాయ అంటే జుట్టు పెరగడానికీ, అప్పుడప్పుడు టోపీ పెట్టుకోవడానికీ దేవుడిచ్చిన స్థలం అనుకున్న నాకు, అందులో ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటుందని అప్పుడే తెలిసింది. పైన చర్మం, దాని నిండా నెత్తుటి నాళాలు, అందుకే తలకు చిన్న గీటు పడినా ఇల్లంతా ఎర్రగా అవుతుంది. దాని కింద కపాలం, పలకలు పలకలుగా పుట్టి, వడ్రంగి పళ్లు కోసి బిగించిన పెట్టెలా అతుక్కున్న ఎముక. ఆ ఎముక కింద మూడు పొరలు. మొదటిది కొత్త చెప్పు తోలంత మొండిది. రెండోది సాలెగూడులాంటిది. మూడోది పల్లిగింజ మీది పొట్టులాగా మెదడును అంటిపెట్టుకుని, దాని ప్రతి ముడతలోకీ దిగి ఉంటుంది. ఆ రెండో పొరకూ మూడో పొరకూ మధ్యన నీళ్లు. ఆ నీళ్లల్లో మెదడు, నీళ్లకుండలో వేసిన వెన్నముద్దలాగా, తేలుతూ ఉంటుందట. నడిచినా, ఎగిరినా, ఆర్మూర్ నుంచి సిరికొండ దాకా ఆటోలో పోయినా, అది చెదరకపోవడానికి ఆ నీళ్లే కారణమట.

ఆ మూడు పొరల పేర్లు నాకు తెలుసు. పదో తరగతిలో వరాశిక, లౌతికళ, మృద్వి అని బట్టీ పట్టిన తరం మాది, మీకూ గుర్తుండే ఉంటుంది. ఎవరో దొరగారి ముగ్గురు బిడ్డల పేర్లలా ఉండేవి, ముఖ్యంగా మృద్విని మా తరగతిలో సగం మంది మనసులో పెళ్లి కూడా చేసుకున్నారు. మా సారు ఆ పేర్లు మాతో పొలికేకలు పెట్టించి చెప్పించేవాడే గాని, వాటి మధ్యన ఏం జరిగితే ఏమవుతుందో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు, పరీక్షలోనూ రాలేదు.

అది ఈ డాక్టరు చెప్పాడు. చెవికి కొంచెం పైన, కణత దగ్గర ఎముక పలచగా ఉంటుంది, దాని లోపలి వైపున ఒక నెత్తుటి నాళం గాడి చేసుకుని పోతుంటుంది, దెబ్బకు అక్కడ ఎముక చిట్లితే ఆ నాళం తెగుతుంది. అప్పుడు ఎముకకూ తోలు పొరకూ మధ్య నెత్తురు చేరుతుంది. ఎముక బయటికి జరగదు కదా, కాబట్టి జరగాల్సింది మెదడే. అంతా చెప్పి, తెర మీద కణత పక్కన తెల్లటి గుమ్మడిగింజలాంటి మచ్చ చూపించి, ఇప్పుడే చూశాం కాబట్టి పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తామన్నాడు. ఆ తర్వాత, మాటవరసకు అన్నట్టు, ఇంకొకటి కూడా అన్నాడు.

"ఇట్ల దెబ్బ తగిలినోళ్లు కొందరు మంచిగ లేస్తరు సార్. నవ్వుతరు, మాట్లాడుతరు. ఇంట్లోళ్లు ఏం కాలే అనుకుంటరు. కాసేపు పండుకుంట అంటరు. గా పండుకునుడే అసలు కథ."

నేను ఆ పూట మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. డాక్టరు నాకేమైనా అయిందేమోనని నావైపు చూశాడు.

మా చిన్నబాపు, అంటే మా బాపుకు తమ్ముడు, ఈ చిన్నమ్మ పెనిమిటి, పగటిపూట ఒకసారి పండుకున్నాడు. అది చెప్పాలంటే ముందు చిన్నబాపును చెప్పాలి, చిన్నబాపును చెప్పాలంటే పసుపు రోజులు చెప్పాలి, ఓపిక పట్టండి.

చిన్నమ్మ పెర్కిట్‌కు మారింది తర్వాత గాని, అప్పట్లో మేమంతా ఆర్మూర్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. బాపు, చిన్నబాపు, వాళ్లిద్దరి సంసారాలు, అందరి మీదా అధికారం చెలాయించే నాయనమ్మ. చేను నందిపేట్ తోవలో ఉండేది. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టే రోజుల్లో మా ఇంట్లో పచ్చగా కానిది లేదు. అన్నం పచ్చన, దుప్పట్లు పచ్చన, మా కుక్క సంక్రాంతి తర్వాత తెల్లగా మొదలై, హోలీ నాటికి పచ్చకుక్కగా ఊళ్లో తిరిగేది, మిగతా కుక్కలు దానికి దారిచ్చేవి. డ్రమ్ము తిరుగుతుంటే వచ్చే మోత ఎలాంటిదంటే, మా వీధిలో ఆ నెలల్లో పుట్టిన పిల్లలు ఆ తర్వాత బతుకంతా గట్టిగా మాట్లాడేవారు.

ఆ మోతను కూడా మించి వినబడే గొంతు మా చిన్నబాపుది. ఆయన నోట పడిన ఏ వస్తువూ మునుపటి సైజులో బయటికి వచ్చేది కాదు. మా చేలో ఒకసారి పసుపు కొమ్మును తవ్వుతూ పోతే అది అంతకంతకూ పొడుగై పక్కవాళ్ల చేనులోకి, అక్కడి నుంచి గోదావరి దాకా పోయిందనీ, ఆవలి ఒడ్డువాళ్లు లాగుతుంటే ఆర్మూర్ రైతుల మర్యాద కోసం వదిలేశాననీ చెప్పేవాడు. గుట్ట మీద చిరుతపులి ఎదురుపడి బీడీ అడిగిన సంగతి మార్కెట్ యార్డులో తెలియనివాడు లేడు. పసుపు తెచ్చిన రైతులు బస్తాల మీద కూర్చుని ఆ పులి కథ అడిగి మరీ చెప్పించుకునేవారు, చెప్పిన ప్రతిసారీ పులికి ఒక కొత్త అలవాటు వచ్చేది. చిన్నమ్మ అప్పట్లో మాట్లాడేదే తక్కువ. ఆయన అరుగు మీద పులిని తెచ్చి మరీ ఎక్కువసేపు నిలబెడితే, లోపలి నుంచే, "ఇగ సాలుతీ, పులి నిలవడి నిలవడి అలిసిపోయింది, పోనియ్యరాదు" అనేది. ఆయన మురిసిపోయేవాడు. ఆ ఒక్క మాట కోసమే ఆయన అంత సేపు పులిని నిలబెడతాడని నాకిప్పుడు అనిపిస్తుంది.

చిన్నబాపు తల గురించి కూడా చెప్పాలి. మా వంశానికి లోపల ఎలా ఉన్నా బయట బుర్ర గట్టిదని పేరు. మా గుమ్మాలు పొట్టివి, మా మగవాళ్లు పొడుగు, కాబట్టి రోజుకు ఎన్నోసార్లు ఎవరో ఒకరి తల ద్వారబంధానికి తగిలేది, ద్వారబంధమే అరిగింది. చిన్నబాపు పసుపు బస్తాను సుట్టబట్ట కూడా లేకుండా నెత్తిన పెట్టుకుని, వంకర టింకర సందులో కబుర్లు చెప్పుకుంటూ పోయేవాడు. ఎవరైనా పిల్లలం కిందపడి తల కొట్టుకుంటే నాయనమ్మ నేలను చూసి, పాపం దానికేమైనా అయిందా అని అడిగేది. తలకు దెబ్బ అంటే మా ఇంట్లో నవ్వుకునే సంగతి. కాలు విరిగితే భయం, జ్వరమొస్తే భయం, పాము అంటే భయం. తలంటే మాత్రం ధైర్యం.

ఆ రోజు పొద్దున మార్కెట్‌కు పోవాల్సిన బస్తాలు ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. ఒక పక్క డ్రమ్ము తిరుగుతోంది. చిన్నబాపు బస్తాల మీద, అన్నిటికన్నా ఎత్తున నిలబడి, తాడు బిగిస్తూ కింద ఉన్న బాపుకు ఏదో చెబుతున్నాడు. తాడు తెగింది. ఆయన వెనక్కి వచ్చి పడ్డాడు, ఎడమ కణత డ్రమ్ము కింది ఇనుప చట్రానికి తగిలింది. మేమంతా పరుగెత్తేలోపే లేచి కూర్చున్నాడు. చెవి పక్క నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది, ఆయన మాత్రం డ్రమ్మును చూపించి, "సొట్ట వడ్డదా సూడుండ్రి, కిరాయికి తెచ్చినం" అన్నాడు.

చిన్నమ్మ అప్పటికే పసుపు పట్టుకుని వచ్చింది. దోసెడు పసుపు తీసి ఆ గాయంలో అదిమి, తన కొంగు చింపి కట్టు కట్టింది. చూస్తూ ఉండగానే నెత్తురు ఆగిపోయింది. చుట్టూ నిలబడ్డవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. చిన్నమ్మ పసుపు గొప్పతనం గురించి అక్కడికక్కడే మాటలు నడిచాయి. బయటి నెత్తురు ఆగిందంటే దెబ్బ ఆగిందనే మాకందరికీ తెలుసు, నెత్తురు లోపలి వైపుకు కూడా కారుతుందని ఆ వాకిట్లో ఉన్న ఒక్క మనిషికీ తెలియదు.

ఆ తర్వాత గంటసేపు చిన్నబాపు ఎంత బాగా మాట్లాడాడో నేను చెప్పలేను. పక్కింటివాళ్లు చూడడానికి వస్తే ట్రాలీ మీది నుంచి పడ్డానన్నాడు. వెనక వీధివాళ్లు వచ్చేసరికి ట్రాలీ మీద బస్తాలు మేడంత ఎత్తయ్యాయి. యార్డు నుంచి మనుషులు వచ్చేసరికి ఆయన గుట్ట అంత ఎత్తు నుంచి పడుతున్నాడు, పడుతూ పడుతూ దారిలో కనబడ్డ ఒక గద్దను పలకరించాడు కూడా. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. చిన్నమ్మ నీళ్లచెంబు అందిస్తూ, "గద్ద ఏమన్నది మరి" అని అడిగింది. ఆయన నవ్వి, చెప్పబోయి, తల పట్టుకున్నాడు.

"జర తలకాయ నొస్తున్నది" అన్నాడు.

అన్నం సయించలేదు, ఒకసారి కక్కాడు. నాయనమ్మ పైత్యమని తేల్చేసింది, పొద్దుగాల నుంచి ఉత్త చాయలు తాగితే ఇంకేమవుతుందని అందరినీ తిట్టింది. కాసేపు పండుకుంటే అన్నీ పోతాయని ఇల్లంతా ఒక్కమాట మీద ఉంది. అప్పుడు చిన్నమ్మ చేసిన పని మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చేయనిది. నడిమింట్లో నీళ్లు చల్లి, చాప వేసి, ఆయనను పండబెట్టి, బయటికి వచ్చి, తలెత్తి ఎన్నడూ మాట్లాడని బావగారితో, అంటే మా బాపుతో, ఆయన కండ్లు మూసేదాకా డ్రమ్ము బందు పెట్టించమంది. పసుపు రోజుల్లో, ఆకాశంలో మబ్బులు చూసి గుండెలు దడదడలాడే రోజుల్లో, డ్రమ్ము ఆపమనడమంటే మాటలా. బాపు ఒక్క మాట అనకుండా ఆపించాడు. కూలీలు గోడ నీడకు పోయి కూర్చున్నారు. మమ్మల్ని వీధిలోకి తరిమేశారు. పచ్చకుక్కను కూడా తరిమేశారు. నెలరోజులుగా ఎరగని నిశ్శబ్దం మా ఇంటి మీద వాలింది, అందులో చిన్నమ్మ విసనకర్ర చప్పుడొకటే.

తర్వాత గురక మొదలైంది. చిన్నబాపు గురక మామూలుగానే కిటికీ రెక్కలు ఆడించే రకం, ఆ రోజు మాత్రం మరీ పెద్దగా, లోతుగా వచ్చింది. డ్రమ్మును ఆపి ఏం లాభం, డ్రమ్ము లోపలే తిరుగుతోందని కూలీలు గుసగుసగా నవ్వుకున్నారు. నాయనమ్మ ఆ గురక విని, హాయిగా నిద్ర పట్టిందని తృప్తి పడింది. మంచి గురక వింటే మనిషి సుఖంగా ఉన్నాడనుకునే కాలం.

పొద్దు వాలుతుండగా చిన్నమ్మ చాయ్ పెట్టుకుని పోయింది. "లెవ్వు, చాయ్ సల్లగైతున్నది" అనడం వాకిట్లోకి వినిపించింది. మళ్లీ అదే మాట. మూడోసారి ఆ మాట వినిపించలేదు, ఆమె బాపును పిలిచింది.

ఆ తర్వాత జీపు, నిజామాబాద్, అక్కడి నుంచి హైదరాబాద్, ఇదంతా పెద్దవాళ్లు చూసింది, నేను చూడలేదు. పెద్ద దవాఖానలో తల తెరిచి గడ్డకట్టిన నెత్తురు తీశారనీ, బతికాడనీ కబురొచ్చింది. బాపు తిరిగి వచ్చాక, డాక్టర్లు ఏమన్నారని అందరూ చుట్టూ మూగితే, చిన్నమ్మ వైపు చూసి, "నీ పసువే కాపాడిందమ్మా, లేకుంటే ఈడనే పోతుండె" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. తను పోయేదాకా కూడా, ఎవరు ఆ సంగతి ఎత్తినా ఆ ఒక్క మాటే చెప్పేవాడు. బాపు అంత గట్టిగా, అంత తరచుగా చెప్పిన మాట ఇంకొకటి లేదు. ఆ మాటతోనే చిన్నమ్మ ఇన్నేళ్లూ నిలబడింది. ఆ తర్వాత కూడా వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా డబ్బా పట్టుకుని ముందు పరుగెత్తేది ఆమే, అదీ తలెత్తుకుని.

చిన్నబాపు ఇంటికి వచ్చాడు. కుడిచెయ్యి వేలాడేది, కాలు ఈడ్చేవాడు, అది అలవాటైంది. అలవాటు కానిది మాట. అన్నీ తెలుసు, అందరినీ గుర్తుపడతాడు, ఏం చెప్పినా అర్థమవుతుంది, కానీ నోరు తెరిస్తే ఒకటే మాట వచ్చేది. మస్తు. అన్నం తిన్నావా అంటే మస్తు. నొప్పిగా ఉందా అంటే మస్తు. ఎవరో పోయారని చెబితే కళ్లనీళ్లు పెట్టుకుని, మస్తు. ఇంత పెద్ద తలలో మాటల కొట్టు ఎడమ పక్కన ఉంటుందనీ, సరిగ్గా దాని మీదే ఆ నెత్తురు కూర్చుందనీ మొన్న నిజామాబాద్ డాక్టరును అడిగితే చెప్పి ఉండేవాడు, నేను అడగలేదని చెప్పాను గదా. ఆ సంగతి ఆ తర్వాత వేరే చోట తెలుసుకున్నాను.

మొదట్లో యార్డు మనుషులు అలవాటు కొద్దీ వచ్చి అరుగు మీద కూర్చునేవారు. చిన్నబాపు ఎడమచెయ్యి పైకెత్తేవాడు, కళ్లు మెరిసేవి, పులి వీధి మలుపు దాకా వచ్చేసిందని మాకందరికీ తెలిసేది, నోట్లోంచి మస్తు మస్తు అని వచ్చేది. వచ్చినవాళ్లు నేల చూపులు చూసేవారు. అప్పుడు చిన్నమ్మ, జీవితంలో పదిమంది ముందు నోరు విప్పని మనిషి, గడపలో నిలబడి ఆయన కథలు ఆయన తరఫున చెప్పడం మొదలుపెట్టింది. పాపం ఆమెకు కథ చెప్పడం రాదు. గుట్ట మీద పులి వచ్చింది, బీడీ అడిగింది, పోయింది, అంతే. చిన్నబాపుకు కోపం వచ్చేది, ఎడమచెయ్యి ఇంకా పైకి, ఇంకా పైకి ఎత్తి చూపించేవాడు. ఆమె పులిని కొంచెం పెంచేది. ఆయన చెయ్యి దిగేది కాదు. ఆమె ఇంకొంచెం పెంచేది. అలా ఆ ఇద్దరూ కలిసి ఒక పులిని పెంచడానికి మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు పట్టేవి. వినేవాళ్లు తగ్గిపోయారు, పోయారు, నేనొక్కణ్ణి మిగిలాను, వాళ్లు మాత్రం మానలేదు. ఒక వానాకాలం ఆయన నిద్రలోనే పోయాడు.

ఇక ఈ కాలానికి వస్తాను. ఎదురింటి పిల్లవాడికి ఆ పూటే ఆపరేషన్ చేశారు, కొన్నాళ్లకు ఇంటికి వచ్చాడు. గుండు మీద టోపీ, టోపీ కింద కుట్లు, మాట మాత్రం చెక్కుచెదరలేదు, ఇంకా పెరిగింది. మంచం మీది నుంచే ఫోన్లో నందిపేట్ ఆటోవాళ్లందరితో ఒకేసారి కొట్లాడుతున్నాడు. నేను చూసి పోదామని వెళ్లి, పనిలో పనిగా చిన్నమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె మక్కకంకులు ఒలుస్తోంది. వాడి గొంతు వీధి దాటి మా అరుగు మీదికి వస్తోంది. ఆమె ఒలుస్తూ ఒలుస్తూ, నావైపు చూడకుండానే అడిగింది.

"గా పోరని లెక్కనే మీ చిన్నబాపును గూడ పగటీలనే పట్కపోతే, మాట ఉంటుండెనా కొడుకా?"

నేను ఊళ్లో పెళ్లిళ్లకు మైకు పట్టుకునే మనిషిని. గంటసేపు మాట్లాడమంటే రెండు గంటలు మాట్లాడి, ఇంకొక అరగంట అరువడిగే మనిషిని. చిన్నబాపు దగ్గర నేర్చుకున్న విద్య అది. ఆ ప్రశ్నకు సమాధానంగా ఎంతైనా అల్లవచ్చు. పుర్రె నుంచి మొదలుపెట్టి, మూడు పొరలూ, నీళ్లూ, వెన్నముద్దా అన్నీ చూపించి, ఆమెను నవ్వించి, ప్రశ్నను ఎక్కడో దారి తప్పించవచ్చు. బాపు ఒక్క వాక్యంతో ఇన్నేళ్లు కాపాడిన దాన్ని నేను ఒక్క పూట కాపాడలేనా అనుకున్నాను. నోరు తెరిచాను. డాక్టరు చూపించిన ఆ తెల్లటి మచ్చ కళ్లల్లో మెదిలింది.

"ఏమో చిన్నమ్మా" అన్నాను. "చెప్పలేం."

ఆమె చేతిలో కంకి ఆగింది. నావైపు తిరిగింది.

"నువ్వు గింత తక్కువ మాట్లాడుడు నేనెన్నడు సూడలే" అంది. "సమజైంది తీయ్."

అప్పుడు వచ్చాయి నాకు మాటలు. ఆ రోజుల్లో జిల్లాలో అలాంటి మిషన్ ఎక్కడుందనీ, ఉన్నా మనకెవరు చెప్పేవారనీ, రోడ్లెట్లా ఉండేవో గుర్తులేదా అనీ, హైదరాబాద్ చేరేసరికి మనిషి ముసలివాడయ్యేవాడనీ, ఏకధాటిగా చెప్పుకుపోయాను. అందులో చాలామటుకు నిజమే కూడా. ఆమె అన్నిటికీ ఊఁ కొట్టింది. నేను ఊపిరి కోసం ఆగినప్పుడు, గింజలు చేటలోకి రాలుస్తూ, ఎవరితోనో కాకుండా తనతోనే అన్నట్టు, "డ్రమ్ము నేనే బందు జేపిచ్చిన. సప్పుడన్న ఉంటే లేస్తుండెనో ఏమో" అంది.

చప్పుడుకు లేచే నిద్ర కాదది చిన్నమ్మా అని చెప్పాను. అది ఓదార్పు కాదని చెప్పాక తెలిసింది.

మన చిన్నప్పుడు పగటినిద్ర అంటే ఇంట్లో ఒక మనిషికి ఇచ్చే పెద్ద మర్యాద. ఎవరైనా పండుకుంటే ఇల్లంతా మునివేళ్ల మీద నడిచేది, గిన్నె చప్పుడు చేసినవాళ్లకు తిట్లు పడేవి, పిల్లల్ని వీధిలోకి తరిమేవారు, ప్రేమ ఉన్నవాళ్లకు చేయగలిగింది అదేనని అందరికీ నమ్మకం. ఇప్పుడు ఎవరి నిద్ర కోసం ఎవరూ ఏదీ ఆపడం లేదు. తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకుండా తట్టి లేపుతున్నారు, అంబులెన్స్ ఎక్కిస్తున్నారు, పెద్ద రోడ్డు మీద గంట తిరగకముందే తల లోపలిదంతా తెర మీద కనబడుతోంది. మంచిదే. ఎదురింటి తల్లికి కొడుకు దక్కాడు, ఆ సంతోషంతో పేచీ పెట్టుకునేంత దుర్మార్గుణ్ణి కాను. తెలియక మా చిన్నబాపు మాట పోయింది, తెలిసి మా చిన్నమ్మ నిద్ర పోయింది, నా బాధల్లా అంతవరకే.

ఆ రోజు నుంచి చిన్నమ్మ పగలు కన్నుమూయడం లేదు. తను పండుకోకపోతే పోనీ, ఎవరినీ పండుకోనివ్వడం లేదు. అన్నం తిని ఆ ఆటో పిల్లవాడు కాస్త ఒరిగితే చాలు, వీధి దాటి పోయి, భుజం తట్టి, వాడి పేరు, వాడి అవ్వ పేరు, ఆటో నంబరు చెప్పించుకుని గాని తిరిగి రాదట. వాడు నిద్రమత్తులో, "అమ్మమ్మా, నిన్ననే చెప్పిన గదా" అని గునుస్తుంటే, "ఇయ్యాల గూడ చెప్పు" అంటుందట. వాడి తల్లి నాతో చెప్పి నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది.

నాకు ఫోన్ వస్తుంది. సరిగ్గా నేను తిని నడుం వాల్చే వేళకే వస్తుంది. పండుకున్నావా అని అడుగుతుంది, లేదంటాను. అయితే ఏదన్నా మాట్లాడు అంటుంది. ఏం మాట్లాడాలి చిన్నమ్మా అంటే, ఏదో ఒకటి, జర పొడుగు మాట్లాడు అంటుంది. నేను లేచి కూర్చుని మొదలుపెడతాను. అవతల ఊఁ కొట్టడం వినిపించినంతసేపూ ఆపను.